ఔషధం వ్రతభంగం కాదు

(ఏకాదశి నాటి సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మధుమేహం ఉన్నవారు చేతులెత్తండి అంటే ఎన్నో చేతులు లేస్తాయి. అందులో ఎవరికీ సంకోచం ఉండదు. "నాకు షుగరండీ, చక్కెరపొంగలి కొంచెమే పెట్టండి" అని వడ్డించేవారితో పదిమంది ఎదుటా చెబుతాం. మనసు కుంగుబాటుకు మందు వాడుతున్నవారు చేతులెత్తండి అంటే మాత్రం ఒక్క చెయ్యీ లేవదు. వాడేవారు లేక కాదు. ఆ మాత్రల అట్టను పోపులపెట్టె వెనుక దాచి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా మింగేవారు మనలోనే ఉన్నారు. ఈ రెండు వ్యాధులూ ఒకే శరీరంలో ఉన్నవారిని గురించి, ఆ మందులు పెట్టే ఇబ్బందులను గురించి ఈనాడు నాలుగు మాటలు విన్నవించదలచాను.

నేను వైద్యుణ్ణి కాను. వ్యాకరణం, సాహిత్యం చదువుకొని, పాఠం చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. అయితే మధుమేహంతో 22 సంవత్సరాలుగా సహవాసం చేస్తున్నాను. నా సహధర్మచారిణి పరమపదించిన పిమ్మట కుంగుబాటు కలిగి, 4 సంవత్సరాలుగా దానికీ మందు పుచ్చుకుంటున్నాను. కనుక ఇవి ఒక రోగి తోటి రోగులకు చెప్పే మాటలుగా స్వీకరించండి.

"భక్తి ఉన్నవాడికి దిగులెందుకు?" అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్న రోగిని మరింత కుంగదీస్తుంది. చరకసంహిత సూత్రస్థానంలో వాతవికారాలను 80గా లెక్కించారు. ఆ లెక్కలో విషాదం కూడా ఒకటి. అంటే మన పూర్వులే దానిని చికిత్స చేయదగిన వ్యాధులలో చేర్చారు. మధుమేహం ఉన్నవారిలో కుంగుబాటు, అది లేనివారిలో కంటె సుమారు రెట్టింపుగా కనిపిస్తుందని ఆధునిక వైద్యులు చెబుతారు. జీవితాంతం పథ్యం, సూదులు, పరీక్షలు, కాళ్ళ మంటలు, కంటిచూపు గురించిన భయం, ఇవన్నీ మనసును అరగదీస్తాయి. మనసు కుంగినవాడు నడక మానేస్తాడు, వేళకు తినడు, మందు మరచిపోతాడు. దానితో షుగరు పెరుగుతుంది. ఒక వ్యాధి రెండవదానికి ఊతమిస్తుంది.

అదే సూత్రస్థానంలో చికిత్సను మూడు విధాలుగా విభజించారు. మంత్రం, హోమం, నియమం మొదలైనవి దైవవ్యపాశ్రయం. ఆహారం, ఔషధం యుక్తివ్యపాశ్రయం. మనసును అహితమైన విషయాలనుండి మరల్చుకోవడం సత్త్వావజయం. మూడింటినీ పక్కపక్కనే చెప్పారు. స్తోత్రపారాయణ చేస్తున్నాను గనుక మాత్ర అక్కరలేదనడం ఈ విభాగాన్ని అర్థం చేసుకోకపోవడమే. ఇన్సులిన్ వేసుకుంటూ సహస్రనామం చదివేవారిని ఎవరూ తప్పుపట్టరు కదా! మనసు మాత్రకూ అదే న్యాయం.

ఇక ఇబ్బందుల సంగతి. కుంగుబాటుకు సాధారణంగా ముందుగా ఇచ్చే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, ఫ్లూయోక్సెటిన్ వంటి మందులతో మొదటి ఒకటి రెండు వారాలు కడుపులో తిప్పడం, విరేచనాలు, తలనొప్పి, చెమటలు, చేతి వణుకు, నిద్రలో మార్పు కలుగవచ్చు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కూడా కడుపును ఇబ్బంది పెట్టేదే. రెండూ కలిసినప్పుడు అన్నం సహించదు. మాత్రను భోజనానంతరం వేసుకోవచ్చునా అని వైద్యుణ్ణి అడగండి. చాలామందికి ఈ వికారం కొద్ది రోజులలో తగ్గిపోతుంది. చిక్కేమిటంటే, ఇబ్బంది మొదటి వారంలోనే వస్తుంది, గుణం కనిపించడానికి రెండు మొదలు నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఈ మధ్యకాలంలోనే అనేకులు మందు విడిచిపెడతారు.

చెమట, వణుకు, గుండెదడ, కంగారు అనేవి కొత్త మందు లక్షణాలు కావచ్చు. రక్తంలో షుగరు పడిపోయినప్పుడూ అచ్చంగా ఇవే కనిపిస్తాయి. పైగా నేను చెప్పిన మందులలో కొన్ని, ముఖ్యంగా ఫ్లూయోక్సెటిన్, షుగరును తగ్గించగలవు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఊహించవద్దు. గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కంటె తక్కువగా ఉంటే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. ఇంకా తక్కువగానే ఉంటే మరల అంతే తీసుకోండి. సరిపడా వచ్చిన తరువాత కొంచెం ఆహారం తినండి. స్పృహ తప్పినవారి నోటిలో ఏమీ పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

అమిట్రిప్టిలిన్ వంటి పాత తరగతి మందులను కుంగుబాటుకే కాక, మధుమేహం వల్ల వచ్చే కాళ్ళ మంటలకు కూడా తక్కువ మోతాదులో ఇస్తారు. వీటితో నోరు ఎండుతుంది, మలబద్ధకం కలుగుతుంది, బరువు పెరగవచ్చు, పెద్దవయసు పురుషులకు మూత్రం సాఫీగా రాకపోవచ్చు. మిర్టాజపిన్ అనే మందు నిద్ర పట్టిస్తుంది, ఆకలినీ పెంచుతుంది. బరువు పెరిగితే షుగరు అదుపు తప్పుతుంది. నాకు మొదట ఇచ్చిన మందుతో నోరు ఎండి, శ్లోకం చదువుతుంటే నాలుక అంగిలికి అతుక్కుపోయేది. వైద్యునితో చెప్పగా ముందు మోతాదు తగ్గించి, పిదప మందునే మార్చారు. నోరు ఎండినప్పుడు పటికబెల్లం, చప్పరించే బిళ్ళలు, తియ్యని పానీయాలు వద్దు. షుగరూ పెరుగుతుంది, పళ్ళూ పుచ్చుతాయి. మాటిమాటికీ ఒక గుక్క నీరు, ఒక యాలక్కాయ చాలు. మందు మొదలుపెట్టిన మూడు నెలలపాటు బరువు, నడుము కొలత, షుగరు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి.

దేవాలయానికి వచ్చేవారికి ప్రత్యేకంగా ఒక మాట. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారికి లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం ఉంటుంది. పాత తరగతి మందులు దీనిని పెంచుతాయి. సాష్టాంగ నమస్కారం చేసి ఒక్కసారిగా లేవవద్దు. ముందు కూర్చోండి. నాలుగైదు ఊపిరులు తీసుకొని, స్తంభమో గోడో పట్టుకొని నిలబడండి. వృద్ధులలో ఈ మందులు కొన్నిసార్లు రక్తంలో సోడియంను తగ్గిస్తాయి. మగత, తికమక, నడకలో తూలుడు కనిపిస్తే అది వయసని వదిలేయక రక్తపరీక్ష చేయించండి. గుండెకోసం ఆస్పిరిన్ వాడేవారికి సెర్ట్రలిన్ వంటివాటితో రక్తస్రావ భయం కొంత పెరుగుతుంది. నల్లని విరేచనం కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

చెప్పడానికి సిగ్గుపడే ఇబ్బంది ఇంకొకటి ఉంది. దాంపత్యంలో ఆసక్తి, సామర్థ్యం తగ్గడం మధుమేహం వల్లనూ, కుంగుబాటు వల్లనూ, ఈ మందుల వల్లనూ కలుగవచ్చు. దీనిని నోరు తెరిచి చెప్పలేకనే ఎందరో మందు మానేస్తారు. వైద్యుని వద్ద అది రోజూ వినే మాటే. మార్గం ఉంటుంది, అడగండి.

ఏ ఇబ్బంది కలిగినా మందును ఉన్నట్టుండి ఆపవద్దు. అలా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్లు జలదరించడం, చికాకు, నిద్రలేమి కలుగుతాయి. అది వ్యసనం కాదు. శరీరం అలవాటుపడిన మందును క్రమంగా తగ్గించాలి. మనసు బాగుపడిన తరువాత కూడా కనీసం 6 నెలలు కొనసాగించమని వైద్యులు చెబుతారు. బాగున్నాను కదా అని మధ్యలో మానితే వ్యాధి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

"ఏకాదశినాడు మాత్ర మింగితే వ్రతభంగం కాదా, పంతులుగారూ?" అని నన్ను అడిగేవారున్నారు. వ్రతాన్ని భంగపరచనివాటిగా ధర్మశాస్త్ర నిబంధాలు ఎనిమిదింటిని చెప్పాయి. నీరు, పండు, పాలతో పాటు ఔషధం కూడా ఆ ఎనిమిదిలో ఉంది. రోగులకు, వృద్ధులకు ఉపవాస నియమంలో సడలింపు ఉంది. మాత్ర మింగి స్వామిని ధ్యానించినవారి వ్రతానికి లోపం లేదు. అయితే షుగరు మాత్ర, ఇన్సులిన్ సంగతి వేరు. ఆహారం మాని వాటిని మామూలు మోతాదులో తీసుకుంటే ప్రాణాపాయం. ఉపవాసం చేయదలచినవారు వారం ముందే వైద్యుని అడగాలి. ఆయన వద్దంటే, ఒక తులసిదళం సమర్పించి, వేళకు భుజించండి.

యాత్రకు వచ్చేవారు మందులను సామాను భద్రపరిచే చోట వదలక చేతిసంచిలోనే ఉంచుకోవాలి. వరుసలో ఎంతసేపు నిలబడవలసివస్తుందో తెలియదు. అలిపిరి మెట్లు 3,550 ఉన్నాయి. ఖాళీ కడుపుతో, కొత్త మందు మొదలుపెట్టిన వారంలో అవి ఎక్కడం సాహసం. చక్కెర పొట్లం, కొంచెం తినుబండారం దగ్గర ఉండాలి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలరాదు. ప్రసాదం కణమాత్రం స్వీకరించినా సంపూర్ణ ప్రసాదమే.

షుగరు చూసే వైద్యునికి మనసు మందు సంగతి, మనసు వైద్యునికి షుగరు మందుల సంగతి తప్పక చెప్పండి. అశ్వగంధ, మెంతులు, కాకరరసం వంటివి వాడుతున్నా దాచకండి. అవి కూడా షుగరును తగ్గించగలవు. ఇంటిలో ఎవరైనా "బ్రతికి ప్రయోజనం లేదు" అంటే ఉపదేశాలు చెప్పక, ఒంటరిగా వదలక, వైద్యుని వద్దకు తీసుకొనిపోండి. కేంద్రప్రభుత్వం 2022లో ఆరంభించిన టెలీమానస్ సేవ 14416 అనే సంఖ్యకు ఫోను చేస్తే రాత్రింబవళ్ళు ఉచితంగా లభిస్తుంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

చివరిగా ఒక విన్నపం. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి, మీరు వాడే మందులన్నింటి పేర్లు, వేళలు ఒక కాగితం మీద వ్రాయండి. మనసు మాత్ర పేరు కూడా వ్రాయండి. ఆ కాగితాన్ని ఇంట్లో ఒకరికి చూపించి, సంచిలో పెట్టుకోండి.

స్వస్తి.