ముందు ఏ విమానం దిగాలి?



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నుంచి జడ్చర్ల మీదుగా హైదరాబాదుకు పోయే బస్సు శంషాబాదు దాటుతుంది. అక్కడ పెద్ద విమానాశ్రయం ఉంది. 2008 మార్చిలో మొదలైంది. అంతకు ముందు విమానాలు బేగంపేటలో దిగేవి.

బస్సు కిటికీలోంచి చూస్తే ఒక విమానం దిగుతూ కనిపిస్తుంది. కొంచెంసేపటికి ఇంకొకటి వస్తుంది. ఆ రెండింటి నడుమ ఒకటి పైకి లేస్తుంది. ఒకదానికి ఒకటి అడ్డం రావు. మరి వీటికి వరుస చెప్పేది ఎవరు?

చెప్పేవాళ్లు నేల మీదనే ఉంటారు. వాళ్లను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు అంటారు. మన దేశంలో ఈ పని విమానాశ్రయాల ప్రాధికార సంస్థది. ఆడవాళ్లు కూడా చాలామంది ఈ ఉద్యోగం చేస్తున్నారు. రాత్రి డ్యూటీలూ చేస్తారు.

బస్టాండులో జాగా లేకపోతే బస్సు బయట ఆగుతుంది. విమానం గాలిలో ఆగలేదు. ఆగితే పడిపోతుంది. అందుకే దూరంలో ఉన్నప్పుడే దానికి వరుస కట్టాలి.

పటం మీద బెంగళూరు నుంచి శంషాబాదుకు గీత గీస్తే అది వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ నడుమ నుంచి పోతుంది. ఆ దారిన వచ్చే విమానం మన ఊళ్ల మీదికి వచ్చేసరికే మెల్లగా దిగడం మొదలుపెట్టి ఉంటుంది. కింద చేనులో కలుపు తీసే వాళ్లకు అది తెలియదు. పైన మాత్రం రేడియోలో మాటలు నడుస్తుంటాయి. "ఇంత ఎత్తుకు దిగు. వేగం తగ్గించు. కుడికి తిరుగు." దూరంలో ఉన్నప్పుడు ఒక కంట్రోలరు చూస్తారు. దగ్గరికి వచ్చాక ఇంకొకరు చూస్తారు. దిగేటప్పుడు టవర్‌లో ఉన్నవాళ్లు చూస్తారు. మట్టి పనిలో తట్ట ఒక చేతి నుంచి ఇంకొక చేతికి పోయినట్లు విమానం చేతులు మారుతుంది.

వడ్లు తూర్పార పట్టేటప్పుడు ముందు గాలి ఎటు ఉందో చూస్తాం గదా! విమానానికీ గాలి చూడాలి. అది గాలికి ఎదురుగా దిగాలి, ఎదురుగానే లేవాలి. విమానం పరుగెత్తే దారిని రన్‌వే అంటారు. శంషాబాదులో రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. పొడవు నాలుగు కిలోమీటర్లకు పైనే. వానాకాలంలో పడమటి గాలి వీస్తుంది. అప్పుడు మన దిక్కు నుంచి వచ్చిన విమానం కూడా తూర్పుకు చుట్టి వచ్చి వరుసలో చేరాలి.

రన్‌వే మీద ఒకసారికి ఒక్క విమానమే ఉండాలి. దిగేవి ఒకదాని వెనక ఒకటి 9 కిలోమీటర్ల దూరంలో వస్తున్నాయి అనుకుందాం. ఆ దూరానికి విమానానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లోనే పైకి పోయే విమానాన్ని ఒకదాన్ని పంపాలి. ముందుది దిగి పక్కకు తొలగాలి. పోయేది రన్‌వే మీదికి వచ్చి, పరుగెత్తి, లేవాలి. అప్పుడు వెనకది దిగాలి. పోయేది ఆలస్యం చేస్తే వెనకదాన్ని దిగనివ్వరు. "మళ్లీ పైకి లే, చుట్టి రా" అంటారు. లోపల కూర్చున్న వాళ్లకు గుండె ఝల్లుమంటుంది. కానీ అది ప్రమాదం కాదు, జాగ్రత్త.

పెద్ద లారీ పక్క నుంచి పోతే సైకిలు ఊగుతుంది. పెద్ద విమానం వెనక కూడా గాలి సుడులు తిరుగుతుంది. అందుకని దాని వెనక చిన్నది వస్తే 11 కిలోమీటర్ల దూరం ఉంచుతారు.

ఒకేసారి చాలా విమానాలు వస్తే కొన్నింటిని ఒకచోట చుట్లు తిప్పుతారు. ఒకదాని మీద ఒకటి, నడుమ 1000 అడుగుల ఎత్తు ఉండాలి. అన్నిటికన్నా కింద ఉన్నది ముందు దిగుతుంది. తర్వాత మిగిలినవి ఒక్కో మెట్టు కిందికి వస్తాయి.

ఈ 1000 అడుగుల లెక్క తప్పితే ఏమవుతుందో 1996 నవంబర్ 12న తెలిసింది. ఢిల్లీ నుంచి సౌదీ విమానం పైకి లేచింది. కజకస్తాన్ విమానం ఢిల్లీకి దిగుతోంది. రెండింటికీ ఒకటే దారి. లేచేదాన్ని 14,000 అడుగుల దగ్గర ఆగమన్నారు. దిగేదాన్ని 15,000 అడుగుల దగ్గర ఆగమన్నారు. ఎదురుగా విమానం వస్తోందని కూడా చెప్పారు. అయినా కజకస్తాన్ విమానం ఇంకా కిందికి దిగింది. హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర రెండూ ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు. ఒక్కరు కూడా మిగలలేదు.

ఆ తర్వాత ఢిల్లీలో వచ్చే విమానాలకు ఒక దారి, పోయే విమానాలకు ఒక దారి చేశారు. దగ్గరలో ఇంకో విమానం ఉంటే పైలట్‌ను హెచ్చరించే యంత్రం విమానాల్లో ఉండాలని నియమం పెట్టారు.

కంట్రోలరు చెప్పిన మాటను పైలట్ తిరిగి అప్పజెప్పాలి. "సరే" అంటే చాలదు. "పదిహేను వేల అడుగులకు దిగుతున్నాను" అని ఎత్తు చెప్పాలి. తప్పు చెబితే కంట్రోలరు అక్కడే దిద్దుతారు. రేడియోలో అక్షరాలు ఒకటికొకటి వినబడే ప్రమాదం ఉంది. అందుకని వాళ్లకూ ఒక అక్షరమాల ఉంది. మనం 'అ' అంటే అమ్మ, 'ఆ' అంటే ఆవు అని నేర్చుకున్నాం. వాళ్లు 'ఎ' అంటే ఆల్ఫా, 'బి' అంటే బ్రావో అని నేర్చుకుంటారు. ఇంగ్లీషులో ఫైవ్, నైన్ ఒకే తీరు వినిపిస్తాయి. అందుకే తొమ్మిదిని 'నైనర్' అంటారు.

చాలా ఏళ్లు ఈ వరుసను కాగితం ముక్కల మీదనే రాసేవారు. విమానానికి ఒక ముక్క. దాని మీద పేరు, ఎత్తు, టైము. వరుస మారితే ముక్కను పైకో కిందికో జరిపేవారు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరు తెర మీదనే జరుపుతున్నారు.

ముందు వచ్చినదే ముందు దిగుతుందా? మామూలుగా అంతే. కానీ ఇంజను చెడినా, లోపల ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినా పైలట్ ఆ సంగతి చెబుతాడు. అప్పుడు మొదటి నంబరు ఆ విమానానిదే. ముందున్నవి పక్కకు తప్పుకొని చుట్లు తిరుగుతాయి.