విమానమునకు దారి చెప్పువాఁడు

జూబిలీహిల్స్, ఫిలింనగరులకు చేరువనున్న బేగంపేటలో రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానచోదకులు తొలిపాఠములు నేర్చిరి. ఐనను నాఁడు పెక్కు యుద్ధవిమానములకు చోదకుఁడొక్కఁడే చాలకపోయెను. దారి చెప్పువాఁడును వలసెను. 1918లో నిజాము ధనముతో విమానములు పొంది, హైదరాబాదు పేరు దాల్చిన బ్రిటిషు 110వ దళములో వెనుక ఆసనముననుండు అబ్జర్వరు ఇట్టివారికి పూర్వుఁడు. 1942లో బ్రిటిషు వాయుసేన ఈ పనివానికి నావిగేటరను పేరు పెట్టెను.

వేగము, దిక్కు, కాలము, ప్రక్కకు త్రోయు గాలి, వీనిని లెక్కించి తామున్న చోటు పటముపై గుర్తించుట ఇతఁడు నేర్వవలసిన విద్య. రాత్రివేళ నక్షత్రముల యెత్తు కొలిచి ఆ లెక్కను సరిచూచుకొనెడివాఁడు. భూమధ్యరేఖకడ గడియారము 4 సెకండ్లు తప్పినచో ఒక నాటికల్ మైలు, నిమిషము తప్పినచో 15 మైళ్లు తప్పును. పెట్రోలు తీరులోపల విమానక్షేత్రము కానరానిచో అందఱి ప్రాణములకును ముప్పే.

గుండ్లు పేలుచుండఁగా పెన్సిలు వణఁకనీక కూడికలు చేయుటయే ఇతని శౌర్యము. గణితమెందులకని యడుగు బాలురకు ఈ సంగతి చెప్పుఁడు.