వాడ, బడి, విహారం



1917లో విదేశాలలో ఉన్నత విద్య నభ్యసించి బరోడా సంస్థానపు కొలువుకు వచ్చిన బాబాసాహెబ్ అంబేద్కర్‌కు ఆ నగరంలో ఇల్లు దొరకలేదు. పార్సీ పేరు చెప్పుకొని ఒక సత్రంలో తలదాచుకొన్నారు. పదకొండవ నాడు కర్రలు పట్టుకొని వచ్చిన గుంపు ఆయనను వెళ్లగొట్టింది. ఉద్యానవనంలో చెట్టు క్రింద గంటల తరబడి కూర్చొని, ఆ రాత్రి రైలులో బొంబాయికి మరలిపోయారు. ఎంత చదివినా నివాసం దక్కలేదు. నేడు మన పిల్లలలో అనేకులకు నివాసమే చదువుకు అడ్డుగా నిలుస్తున్నది.

మన పల్లెలలో ఊరు వేరు, వాడ వేరు. రాజధానికి వస్తే ఆ గీత చెరిగిపోతుందని తలచాము. కాని అత్యవసర పరిస్థితి కాలంలో, 1975-77 మధ్య, నగర మధ్యమందలి బస్తీలను కూల్చి లక్షలాది పేదలను పొలిమేరలకు తరలించారు. త్రిలోక్‌పురి, మంగోల్‌పురి వంటి పునరావాస కాలనీలు అట్లు వెలసినవే. 2004లో యమునా పుష్తా వాసులలో అనేకులను దూరపు బవానాకు పంపారు. కూలిపని నగరంలోనే మిగిలింది, కాపురం దూరమైంది, పిల్లల చదువు నడుమ తెగింది.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రైవేటు పాఠశాలల ప్రవేశ తరగతిలో నాలుగవ వంతు సీట్లను బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు కేటాయించింది. 2012లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అయితే ఆ హక్కు ఇరుగుపొరుగు పిల్లలకు చెందినది. పేరున్న పాఠశాలలు సంపన్నుల కాలనీలలో ఉన్నప్పుడు, దూరపు బస్తీలోని బిడ్డకు ఆ హక్కు కాగితం మీదనే నిలిచిపోతుంది.

1990లో బౌద్ధులకు షెడ్యూల్డు కులాల హోదా లభించింది. 1993లో మనలను అల్పసంఖ్యాక వర్గంగా గుర్తించారు. అయినను అద్దెకు ఇల్లడిగితే మొదట ఇంటిపేరు, పిదప తిండి అడుగుతున్నారు.

తథాగతుని సంఘంలో ఈ లెక్క లేదు. శాక్య రాకుమారులు తమకంటె ముందుగా క్షురకుడైన ఉపాలికి ప్రవ్రజ్య ఇమ్మని కోరారు. ఆ దినం నుండి వారు అతనికి నమస్కరించవలసి వచ్చింది. విహారంలో ఆసనం దీక్షను బట్టి, జన్మను బట్టి కాదు. మనుషులు కలసి నివసించే పద్ధతిని మార్చినవాడు బుద్ధుడు.

ఇచట మన లోపమునూ ఒప్పుకొందాము. నోయిడా, ఘాజియాబాద్ ఫ్లాట్లకు చేరినవారమెందరమో విడిచివచ్చిన బస్తీని పూర్ణిమనాడు తప్ప తలచుట లేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 నుండి దళిత బాలల కొరకు బడులు నెలకొల్పారు. బాబాసాహెబ్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని, మరుసటి సంవత్సరం సిద్ధార్థ కళాశాలను స్థాపించారు. వారు ప్రభుత్వాన్ని నిలదీస్తూనే బడులు కట్టారు.

కనుక మూడు పనులు చేపట్టుదాము. ప్రతి విహారంలో సాయంకాలం ఒక దీపం, ఒక చాప, ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. ప్రవేశాల వేళ బస్తీకి వెళ్లి తల్లిదండ్రుల దరఖాస్తులు నింపి, ధ్రువపత్రాలు సమకూర్చాలి. మనలో ఇల్లున్నవారు అద్దెకు వచ్చినవారిని కులమూ మతమూ అడుగరాదు. ఇతరులను అడిగే న్యాయం మన గుమ్మం నుండే ఆరంభం కావాలి.

భవతు సబ్బ మంగళం.