మా వీధి కోళ్లు, పక్కింటి వడియాలు

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పెరటి కోళ్ల గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. ఇలాంటి సభల్లో కోళ్లంటే ఎన్ని పిల్లలు తెచ్చాం, ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎంత మిగిలింది అని చెప్పి కూర్చోవడం మామూలు. ఆ లెక్క నివేదికలో ఎలాగూ ఉంటుంది. మేం చెప్పదలచుకుంది వేరే. కోళ్ల వల్ల మా సంఘం విడిపోయేదాకా వచ్చింది. అది ఎలా వచ్చిందో, అందులో మా అందరి తప్పు ఎంతుందో చెబుతాం. పేర్లు చెప్పం. గొడవపడిన ఇద్దరూ ఇక్కడే, మూడో వరుసలో పక్కపక్కనే కూర్చున్నారు. వాళ్లని అడిగాకే మాట్లాడుతున్నాం.

మాది కాలనీ. ఇంటికి రెండు సెంట్ల జాగా. ప్రహరీలు సగం మందికి లేవు. ఒకరి పెరడు ఎక్కడ ఆగిందో ఇంకొకరిది ఎక్కడ మొదలైందో మనుషులకే సరిగ్గా తెలీదు, కోళ్లకేం తెలుస్తుంది? సంఘంలో మేం పదకొండు మందిమి. అందులో ఆరుగురం సంఘం అప్పు తీసుకుని కోడిపిల్లలు తెచ్చుకున్నాం. కొందరం వనరాజా, కొందరం గ్రామప్రియ. రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలే. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే వనరాజా 100 దాటి పెడుతుంది, గ్రామప్రియ 160 దాకా పెడుతుంది అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఈ కోళ్లు పొదగవనీ, పిల్లల్ని వెంటేసుకుని తిప్పే తల్లి ఉండదనీ మేం ముందు పట్టించుకోలేదు. నాటుకోడి ఒక కన్ను నేల మీద, ఒక కన్ను ఆకాశం మీద పెట్టి తిరుగుతుంది. గద్ద నీడ పడితే చాలు, ఒక కూత వేస్తుంది, పిల్లలన్నీ రెక్కల కిందికి దూరతాయి. మా వనరాజా పిల్లలకి ఆ కూత వేసేవాళ్లు లేరు. బరువైన కోడి, పరుగు కూడా తక్కువే. మొదటి నెలలోనే గద్దకి కొన్ని, కాకికి కొన్ని పోయాయి. కాకి కూడా పిల్లని ఎత్తుకుపోతుందని మాలో కొందరికి అప్పుడే తెలిసింది.

పోయిన కోడి ఎలా పోయిందో గుర్తుపట్టడం ముందు నేర్చుకోవాలి. మాకు అది నేర్చుకునేసరికి ఏడాది పట్టింది. ఈకలు కూడా లేకుండా పగటిపూట పిల్ల మాయమైతే గద్దో కాకో. రాత్రిపూట ఒక్కొక్కటి తగ్గుతుంటే పిల్లి. గుడ్లు పెంకు కూడా లేకుండా పోతుంటే పాము, మా వైపు ఎక్కువగా జెర్రిపోతు. పెరడంతా ఈకలు చిమ్మి, కోడిని చంపి తినకుండా వదిలేసి పోతే వీధికుక్క. ఒకటి తినడానికి వచ్చి నాలుగైదింటి మెడలు కొరికి పోతే ముంగిస. ఇక సంక్రాంతికి నెల ముందు బాగా మేసిన పుంజు గూడు తలుపు గడియతో సహా మాయమైతే, అది రెండు కాళ్ల పిల్లి. దానికి మందు లేదు, పుంజుని ఇంట్లో పడుకోబెట్టుకోవాల్సిందే. (నవ్వకండి, మా సంఘంలో ఒకామె నిజంగానే మంచం కింద కట్టేసుకుంది. తెల్లవారుజామున మూడున్నరకి మంచం కింద నుంచి కూత!)

ముంగిస గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గూడు కట్టాం కదా అని మేం ధీమాగా ఉన్నాం. నాలుగు వైపులా జాలీ కొట్టాం, కింద మట్టినేలే. అది జాలీ జోలికే పోలేదు. పక్కన మట్టి తవ్వి కింద నుంచి దూరింది. ఇప్పుడు మేమంతా గూడుని రెండడుగుల ఎత్తు కాళ్ల మీద నిలబెట్టాం, లేదంటే కింద బండలు పరిచాం. కోళ్ల జాలీ అని అమ్మే పెద్ద కన్నుల జాలీలో పిల్లి చెయ్యి పడుతుంది, పాము కూడా వస్తుంది. కింది భాగమంతా సన్న కన్ను జాలీ వేసుకోండి. దానికి ఖర్చయ్యింది గానీ, రెండు కోళ్ల ఖరీదు కన్నా తక్కువే. ముంగిసను చంపుదామని మా ఇంటి మగవాళ్లు బయల్దేరారు. వద్దన్నాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని చంపడం నేరం. అదీ కాక, అది తిరిగే చోట ఎలుకలు, పాములు తగ్గుతాయి. మన గూడు మనం సరిగ్గా కట్టుకుంటే దాని దారిన అది పోతుంది.

ఎంత మంచి గూడైనా సాయంత్రం తలుపు వేసేవాళ్లు ఉండాలి. మా సంఘంలో అందరికన్నా పెద్ద నష్టం జాలీ లేక రాలేదు, ఒక పెళ్లి వల్ల వచ్చింది. ఇంటిల్లిపాదీ పెళ్లికి పోయారు, తలుపు ఎవరో ఒకరు వేశారులే అనుకున్నారు. పొద్దున వచ్చి చూస్తే తొమ్మిది కోళ్లు. ఆ తర్వాత నుంచి మాలో ఎవరు ఊరికి పోయినా, సాయంత్రం తలుపు వేసే బాధ్యత ఫలానా వాళ్లదని ముందే చెప్పి పోతున్నాం.

ఇక అసలు గొడవకి వస్తాం.

మా సంఘంలో ఒక వదిన ఉంది. అందరికన్నా ఎక్కువ కోళ్లు ఆమెవే, పాతిక దాకా ఉండేవి. ఆమె పక్కింటి అక్క కూడా మా సంఘమే, కానీ కోళ్లు పెట్టలేదు. ఆ అక్క వేసవిలో వడియాలు, అప్పడాలు పెట్టి అమ్ముతుంది. ఆ డబ్బుతోనే తన వాయిదా కడుతుంది. మంచం మీద పాత చీర పరిచి మినప వడియాలు పెట్టి లోపలికి వెళ్లొచ్చేలోపు, వదినగారి కోళ్లు ఎక్కి తొక్కేవి. తొక్కడం ఒక్కటే అయితే ఫరవాలేదు, రెట్ట వేసేవి. ఆ వడియం ఇంక ఎవరు కొంటారు? పొద్దున వేసిన ముగ్గు కెలికేవి. కొత్తిమీర మడి తవ్వేవి. ఇటు వదినగారి కోళ్లు ఆ అక్క గడ్డివాములో దూరి గుడ్లు పెట్టేవి. ఆ గుడ్డు ఎవరిది? కోడి నాది కాబట్టి నాదే అంటుంది వదిన. నా వాములో పెట్టింది, నా వడియాలు తిన్న కోడి పెట్టింది, నాదే అంటుంది అక్క. మేం నవ్వేవాళ్లం. ఆ నవ్వడమే తప్పు. వాయిదా ఎగ్గొట్టినా, సమావేశానికి రాకపోయినా జరిమానా వేస్తాం గానీ, ఇది ఆడవాళ్ల తగువులే అని సంఘం పుస్తకంలో రాయలేదు. మనమే ఆడవాళ్లం, మనమే ఆ మాట అన్నాం.

ఒకరోజు ఆ అక్క విసిగిపోయి, "ఇంకోసారి వస్తే గుళికలు పెడతా" అని వీధి అంతా వినేలా అరిచింది. కోపంలో అన్న మాట. పది రోజుల తర్వాత వదినగారి కోళ్లు చావడం మొదలైంది. మొదటి రోజు రెండు, మర్నాడు ఐదు. నాలుగో రోజుకి సగం పోయాయి. ఇంకేముంది? గుళికలు పెట్టిందన్నారు. వదిన అంది, వదిన భర్త అన్నాడు. మేం అనలేదు గానీ, కాదని కూడా అనలేదు. సమావేశంలో ఆ అక్క పక్కన ఎవరూ కూర్చోలేదు. పుస్తకంలో సంతకం పెట్టి లేచి వెళ్లిపోయింది. తర్వాతి రెండు సమావేశాలకి రాలేదు, పొదుపు పంపలేదు. వదిన కూడా కోళ్లే పోయాక వాయిదా ఎలా కడతానంది. ఆమెకి తోడు ఇంకో ఇద్దరు ఆపేశారు. బ్యాంకు లింకేజీ రెన్యూవల్ వచ్చే నెలలో ఉంది. మీలో చాలామందికి తెలుసు, అలాంటప్పుడు రెండు వాయిదాలు తప్పితే ఏమవుతుందో.

మా పుస్తకాలు రాసే అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "గుళికలైతే ఆ కోళ్ల కళేబరాలు పీక్కుతిన్న కుక్కలు, కాకులు ఎందుకు చావలేదు?" మాలో ఎవరికీ తట్టలేదు. అప్పుడే చచ్చిన ఒక కోడిని సంచిలో వేసుకుని ఇద్దరం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు గారు కోసి చూపించారు. కందనకాయకి పైన ఉండే సంచిలో లోపలి వైపు ఎర్రటి రక్తపు చుక్కలు. "రెట్ట ఆకుపచ్చగా వచ్చిందా? కొన్ని మెడ వంకరగా తిప్పాయా? నోరు తెరిచి ఊపిరి తీశాయా?" అని అడిగారు. అన్నిటికీ అవుననే చెప్పాం. అన్నీ మా కళ్ల ముందే జరిగాయి, కానీ మేం గుళికల గురించే మాట్లాడుకుంటున్నాం. అది కొక్కెర రోగం. టీకా వేస్తే ఆగేది. టీకా వేయించారా అన్నారు. పిల్లలప్పుడు ఒకసారి చుక్క వేశారు, ఆ తర్వాత ఎవరం వేయించలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం పదిమందిమి కలిసి ఆ అక్క ఇంటికి వెళ్లాం. వదినే ముందు నడిచింది. ఏం మాట్లాడిందో ఇక్కడ చెప్పం, అది వాళ్లిద్దరిదీ. మేం మాత్రం మా తప్పు ఒప్పుకున్నాం. ఆ అక్క వెంటనే కరిగిపోలేదు. "నా పక్కన కూర్చోకపోయారే" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. తర్వాతి సమావేశానికి వచ్చింది గానీ, నెలకి పైగా మాతో ముభావంగానే ఉంది.

కొక్కెర టీకాతో ఒక చిక్కుంది. ఒక సీసా 100 కోళ్లకి సరిపోతుంది. ఒక్క ఇంటికోసం కొంటే దండగ. కలిపాక రెండు గంటల్లోపే వాడాలి, మిగిలింది పారబోయాలి. పైగా మన కోళ్లకి వేసి పక్కవాళ్ల కోళ్లకి వేయకపోతే రోగం వీధిలోనే ఉంటుంది. అందుకని సంఘంతో సంబంధం లేకుండా వీధిలో ఉన్న కోళ్లన్నీ లెక్క రాశాం. అందరం తలా కొంత వేసుకుని సీసా తెస్తున్నాం. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా, నాలుగో వారంలో ఇంకోసారి. ఎనిమిది వారాలు దాటాక రెక్క దగ్గర చర్మం కింద ఆర్‌టూబీ సూది. పెద్ద కోళ్లకి ఆరు నెలలకోసారి. పొద్దున్నే, గూడు తలుపు తీయకముందే వేయాలి. వదిలేశాక పట్టుకోవడం మీవల్ల కాదు, మావల్ల కాదు. జబ్బుతో ఉన్న కోడికి టీకా వేయకూడదు, అది రోగాన్ని ఆపదు.

కోళ్లని వదిలే వేళ కూడా మార్చాం. కోళ్లు ఎక్కువగా పొద్దున పది పదకొండు లోపే గుడ్డు పెడతాయి. అందాకా గూట్లోనే ఉంచితే గుడ్డు మన గూట్లోనే పడుతుంది, వాము తగువు తీరింది. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టే మూడు నెలలూ సాయంత్రం నాలుగు దాటాకే వదులుతున్నాం. లోపల ఉన్నంతసేపూ మేత వేయాలి కాబట్టి నూకలు, తవుడు, ఆకుకూర తుంపులు. చెదలు ఉన్న చోట పేడ, గడ్డి నింపిన కుండ బోర్లించి రాత్రంతా ఉంచితే పొద్దుటికి చెదలు పడతాయి. పిల్లలకి అంతకన్నా మంచి మేత లేదు, ఖర్చూ లేదు. గూడు కింద ఊక చల్లి వారానికోసారి ఎత్తేస్తే వాసన, ఈగలు ఉండవు. ఆ ఎరువు అడిగిన వాళ్లకి ఇచ్చేస్తాం, కొత్తిమీర మడికి ముందు. ఎవరి కోళ్లు వడియాలు తొక్కినా వాళ్లు మినప్పప్పు ఇవ్వాలని తీర్మానం పుస్తకంలో రాశాం. ఇప్పటికి రెండుసార్లు ఇచ్చారు. ఒకసారి ఇచ్చింది మా అధ్యక్షురాలే.

చచ్చిన కోడిని కాలవలో పారేయడం మానేశాం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు, రోగం బయటపడ్డ చోటు చుట్టూ కిలోమీటరు లోపల కోళ్లన్నిటినీ చంపి పూడ్చాల్సి వచ్చింది. అప్పుడు మా వీధిలో రాత్రి ఎవరికీ నిద్ర లేదు. ఒకేసారి నాలుగైదు కోళ్లు చచ్చిపోతే దాచకుండా ఆసుపత్రికి చెప్పాలి. చచ్చినవాటిని చేత్తో ముట్టుకోకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఆ కోడిని చవగ్గా అమ్మేద్దామనే ఆలోచన మాలోనూ వచ్చింది, అందుకే చెబుతున్నాం.

టీకా సీసా చల్లగా ఉండాలి, ఆసుపత్రి నుంచి ఐస్ వేసిన ఫ్లాస్కులో తేవాలి. సూదులు వేసే రోజు దాకా ఫ్రిజ్‌లో పెట్టాలి. మా వీధిలో ఎప్పుడూ చెడిపోకుండా నడిచే ఫ్రిజ్ ఒక్కటే ఉంది, ఆ అక్కది. ఎవరం అడగడానికి ధైర్యం చేయలేదు. ఆమే అడిగింది, "సీసా ఎక్కడ పెడతారు?" అని. ఇప్పుడు అక్కడే ఉంటోంది, పెరుగు గిన్నె పక్కన ఒక డబ్బాలో. టీకా వేసే రోజు పొద్దున ఐదింటికి తలుపు తీసి మమ్మల్ని లేపేది కూడా ఆమే. కోళ్లు మాత్రం పెట్టలేదు, పెట్టనంటోంది. మా కోడి ఆమె ముగ్గులో అడుగు పెడితే చీపురు ఇప్పటికీ అలాగే లేస్తుంది.