పెరిగే వయసులోనే ఎముకకు బలం



సైన్సు టీచర్‌ని కనుక ఎముకల గురించి నాలుగు మాటలు చెబుతాను. మనం చేసే సహాయానికీ ఈ విషయానికీ దగ్గరి సంబంధం ఉంది.

తరగతిలో పిల్లల చేత ఒక ప్రయోగం చేయిస్తాను. శుభ్రం చేసిన కోడి కాలి ఎముకను కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెడితే అందులోని కాల్షియం కరిగిపోయి, ఎముక రబ్బరులా వంగుతుంది. మరో ఎముకను నిప్పుల్లో బాగా కాలిస్తే మాంసకృత్తు కాలిపోయి, సుద్దముక్కలా పెళుసుగా విరుగుతుంది. స్లాబుకు సిమెంటూ ఇనుపచువ్వలూ ఎలాగో, ఎముకకు కాల్షియం లవణాలూ మాంసకృత్తూ అలాగ. ఏ ఒక్కటి తగ్గినా బలం ఉండదు.

పుట్టిన బిడ్డకు దాదాపు 300 ఎముకలుంటాయి. కొన్ని కలిసిపోయి పెద్దయ్యేసరికి 206 అవుతాయి. కాళ్లు, చేతుల పొడవాటి ఎముకల చివర్ల దగ్గర మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. అది పెరుగుతూ, గట్టిపడి ఎముకగా మారుతూ ఉండటం వల్లే పిల్లలు ఎత్తు పెరుగుతారు. సాధారణంగా ఆడపిల్లల్లో 14-16 ఏళ్లకు, మగపిల్లల్లో 16-18 ఏళ్లకు ఆ పొర పూర్తిగా ఎముకైపోతుంది. ఆ తర్వాత ఎన్ని పాలు తాగించినా ఎత్తు పెరగదు.

ఇంకో సంగతి. పెద్దవారి ఎముకల్లో ఉండే ఖనిజంలో సుమారు నాలుగో వంతు, పిల్లలు వేగంగా ఎదిగే రెండేళ్లలోనే చేరుతుంది. ముసలితనంలో తుంటి ఎముక విరగకుండా కాపాడే నిల్వ అది. ఆ రెండేళ్లు ఆడపిల్లలకు ఆరు, ఏడు తరగతుల ప్రాంతంలోనే వచ్చేస్తాయి. చాలా ఇళ్లలో పాలగ్లాసు ముందు అబ్బాయికి అందేదీ అప్పుడే.

మన సహాయం ఎక్కువగా పదో తరగతి దాటినవారికి ఫీజుల రూపంలో అందుతోంది. అది ఆగకూడదు. కానీ ఎముక పదో తరగతి ఫలితాల కోసం ఆగదు. అందుకే ఆరో తరగతి నుంచి హాస్టల్ పిల్లలకు రోజూ ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, వారానికి కొన్నిసార్లు రాగిజావ ఇచ్చే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఖర్చూ తక్కువే.

తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. అది చర్మానికి ఎండ తగిలితే తయారవుతుంది. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు. మన ఆడపిల్లలు రోజూ కాసేపు పెరట్లోనో మిద్దె మీదనో ఎండలో ఆడుకునేలా తల్లులు చూడాలి. గెంతులు, పరుగులు కూడా ఎముకను గట్టిపరుస్తాయి.

చదువుకు సాయం ఏడాది ఆలస్యమైనా పిల్లవాడు అందుకోగలడు. ఎదిగే వయసు దాటిన ఎముకకు ఆ అవకాశం లేదు. దాతలు ఈ ఏడాది బడ్జెట్‌లో దీనికి చోటివ్వాలని మనవి.