కారు రంగునకు మెరుగు: తొలిసారి చేయువారికి కొన్ని మాటలు

(బెంగుళూరునందలి తెలుగు కుటుంబముల నెలవారీ కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



పోయిన కూటమి ముగిసిన పిమ్మట యువకులు కొందరు నన్ను కలిసికొని, “కారు రంగుపైని గీతలను ఇంటివద్దనే పోగొట్టి మెరుగు పెట్టుకొనవచ్చునా?” అని అడిగిరి. పెట్టుకొనవచ్చును. కాని ఎట్లు పెట్టరాదో ముందుగా తెలిసికొనవలెను. నేను ఈ వృత్తియందు ఆరితేరినవాడను కాను. ఒక తప్పు చేసి, దానివలన నేర్చుకొన్నవాడను మాత్రమే.

మా నాన్నగారు ఉద్యోగము విరమించిన సంవత్సరమున ముదురు నీలిరంగు కారు నొకదానిని కొనిరి. ప్రతి ఉదయము పాత పంచె ముక్కతో దానిని తుడిచెడివారు. నీటిని వాడెడివారు కారు, పొడిగుడ్డయే చాలుననెడివారు. వారు గతించిన తరువాత కారు నా వంతునకు వచ్చినది. ఎండలో నిలిపి చూడగా, సూర్యుని ప్రతిబింబము చుట్టును సాలెగూడు వలె లెక్కలేనన్ని సన్నని గీతలు కనబడినవి. అవి ఏ శత్రువు గీచినవియు కావు. నాన్నగారి ప్రేమయే ఆ గీతలను గీచినది. దుమ్ములో ఇసుక రేణువులుండును. పొడిగుడ్డ వానిని ఈడ్చుకొనిపోవును. రంగుపై గీత పడును. నేటికిని మన వీధులలో అనేకమైన కార్లు ఉదయమున ఇట్లే తుడువబడుచున్నవి.

మా అక్కయ్య కుమార్తె వివాహమునకు పెండ్లికూతురును తాతగారి కారులోనే తీసికొనిపోవలెనని అక్కయ్య కోరినది. సంతోషముతో నేను ఒక మిత్రునివద్దనుండి రోటరీ యంత్రమును ఎరవు తెచ్చి, ముతక కాంపౌండు పట్టించి, బానెటు రుద్దనారంభించితిని. బానెటు నడుమ ఎత్తుగానున్న మడతపై ఒక గీత మొండిగా నిలువగా, యంత్రమును అచ్చటనే అదిమి పట్టితిని. ప్యాడునకు నీలిరంగు అంటినది. అది అపాయసూచన యని నాకు తెలియదు. తుడిచి చూచుసరికి బొటనవ్రేలంత మేర రంగు పాలిపోయి యున్నది. తుదకు బానెటునకంతకును క్రొత్తగా రంగు వేయింపవలసి వచ్చినది. పెండ్లినాటికి కారు సిద్ధమైనది గాని, తీక్ష్ణముగా చూచువారికి ఆ నీలము వేరు, తక్కిన నీలము వేరు.

ఇట్లేల జరిగినదో చెప్పెదను. మన అమ్మమ్మలు ఇత్తడి బిందెలను చింతపండుతో తోమి తళతళలాడించెడివారు. బిందె లోపలను వెలుపలను ఇత్తడియే. ఎంత తోమినను ఇత్తడియే బయటపడును. కారు రంగు అట్టిది కాదు. అది బంగారు పూత పూసిన నగ వంటిది. ఇనుపరేకుపై తుప్పు పట్టకుండ ఒక పూత, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటిపైని రంగులేని క్లియర్ కోటు ఉండును. ఇవన్నియు కలిసి సాధారణముగా 100 నుండి 150 మైక్రాన్ల మందము మాత్రమే. మైక్రానన మిల్లీమీటరులో వేయవ వంతు. క్లియర్ కోటు సుమారు 35 నుండి 50 మైక్రాన్లుండును. అనగా మన తలవెండ్రుక కంటె పలుచన. మెరుగు పెట్టుటయనగా ఈ పొరను గీత అడుగు వరకు సమముగా అరగదీయుటయే. గీత నిండదు, చుట్టునున్న పొరయే తగ్గును. ఒకసారి తగ్గినది మరల రాదు. అంచులపైనను మడతలపైనను ఈ పొర మరింత పలుచగా నుండును. యంత్రపు వత్తిడియంతయు అచ్చటనే పడును. నేను చెడగొట్టినది ఆ చోటనే.

క్లియర్ కోటుగల కారులో ప్యాడునకు కారు రంగు అంటినచో వెంటనే పని నిలుపవలెను. పాత అంబాసిడరు, పద్మిని కార్లయందు క్లియర్ కోటు లేని ఒంటిపూత రంగు కలదు. వానిలో ప్యాడునకు రంగు అంటుట సహజము. ఈ భేదమును మరువరాదు.

ఇక పని క్రమము. మొదట కడుగవలెను. రెండు బకెట్లు పెట్టుకొనుడు: ఒకదానిలో కారు షాంపూ నీరు, మరొకదానిలో గుడ్డను జాడించుటకు మంచినీరు. పైకప్పునుండి క్రిందికి కడుగుడు. గిన్నెలు తోము సబ్బును, బట్టల పొడిని వాడవలదు. మన ఊరి బోరునీటిలో ఉప్పు హెచ్చు. అది ఆరినచో తెల్లని మచ్చలు నిలుచును. కావున ఆరకముందే మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో నీటిని అద్దవలెను.

తరువాత పలుచని ప్లాస్టిక్ సంచిలో చేయి పెట్టి రంగుపై నెమ్మదిగా జరిపి చూడుడు. గరకుగా తగిలినచో కడిగినను పోని మలినము కలదని అర్థము. క్లే బార్ అను మెత్తని మట్టిముద్దను, షాంపూ నీరు ధారాళముగా చల్లుచు, అదుమక జరిపినయెడల అది పోవును. ముద్ద నేలపై పడినచో పారవేయుడు. దానికంటిన ఇసుక క్రొత్త గీతలు పెట్టును.

పిమ్మట గీతలను పరీక్షింపుడు. గోరు గీతలో తట్టుకొనినచో అది లోతైన గీత. దాని అడుగు వరకు అరగదీయ యత్నింపవలదు. గోరునకు తగులని గీతలే మన పనికి వచ్చునవి. అంచులకు, రబ్బరునకు, నల్లని ప్లాస్టిక్ భాగములకు మాస్కింగ్ టేపు అంటింపుడు.

తొలిసారి చేయువారు రోటరీ యంత్రమును ముట్టవలదు. డ్యూయల్ యాక్షన్ పాలిషరు అను యంత్రము కలదు. దాని ప్యాడు తిరుగుచునే అటునిటు ఊగును. మితిమీరి అదిమినచో తిరుగుట ఆగిపోవును. కనుక వేడి ఒకే చోట పేరుకొనుట తక్కువ. ప్యాడు బిగించు పళ్లెముపై నల్లని గీత నొకదానిని గీచుకొన్నచో, అది తిరుగుచున్నదో లేదో కంటికి తెలియును. కంటికి అద్దాలు, ముక్కునకు గుడ్డ కట్టుకొని, విద్యుత్తు తీగను భుజముపై వేసికొని పని చేయుడు.

నీడలో, రేకు చల్లగా నున్నప్పుడే ఆరంభింపుడు. ముందు బానెటుపై అడుగున్నర చదరమును మాత్రము పరీక్షకై తీసికొనుడు. మెత్తని ప్యాడుతోను, సన్నని పాలిషుతోను మొదలిడుడు. అది చాలనప్పుడే మరి కొంత ముతకదానిని పట్టుడు. శనగగింజంత చుక్కలు నాలుగైదు చాలును. యంత్రమును నడుపకముందే ప్యాడును రంగుపై ఆనించి, తక్కువ వేగమున మందును పరపి, తరువాత వేగము పెంచి, సెకనునకు అంగుళము చొప్పున నెమ్మదిగా అడ్డముగను, నిలువుగను నడుపుడు. ప్రతి వరుసయు ముందటి వరుసలో సగము కప్పవలెను. నాలుగు నుండి ఆరు మారులు చాలును. చేతి వెనుకవైపుతో తాకి చూడుడు. వెచ్చదనము మించినచో ఆగుడు. ప్లాస్టిక్ బంపరులలో వేడి త్వరగా పోదు గావున అచ్చట మరింత జాగరూకత వలయును.

తుడిచిన పిదప కనబడు మెరుపును నమ్మవలదు. పాలిషులోని నూనె గీతలను నింపి దాచును. ఐసోప్రొపైల్ ఆల్కహాలును నీటితో పలుచన చేసి తుడిచి, దీపపు వెలుగులో చూచిననే నిజము తెలియును. పరీక్షలో ఫలించిన పద్ధతినే కారంతటికి వర్తింపజేయుడు. ప్రతి భాగము తరువాత ప్యాడును శుభ్రము చేయుడు. ఒక్క దినమున ముగింపవలెనను తొందర వలదు. చిన్న కారునకైనను తొలిసారి రెండు దినములు పట్టును. చివరకు మైనము గాని సీలెంటు గాని పూసి రక్షణ కల్పింపుడు. మైనము కొన్ని వారములు, సీలెంటు కొన్ని నెలలు నిలుచును.

ఇంత శ్రమపడిన పిదప మరునాటినుండి పొడిగుడ్డతో తుడిపించినచో శ్రమ వ్యర్థము. మీ కారును తుడుచు పనివానిపై కోపపడవలదు. అతడు పది కార్లను ఒకే బకెట్టు నీటితో తుడుచుచున్నాడన్న, రెండవ బకెట్టును, మంచి గుడ్డను మనము ఇయ్యకుండుటయే కారణము. గీతలను ప్రతి యేడు అరగదీయుటకంటె అవి పడకుండ చూచుకొనుట మేలు. ఆ పొర మూలధనము వంటిది, దానిని తరచుగా వెచ్చింపరాదు.

పెండ్లి అయిన ఆరు నెలలకు తక్కిన కారునంతటిని నేను ఈ క్రమమున మెరుగు పెట్టితిని. నాన్నగారి పంచె గీతలు దాదాపు అన్నియు పోయినవి. డ్రైవరు తలుపు పిడి క్రింద మాత్రము వారి ఉంగరము రాచుకొని ఏర్పడిన గీతలు రెండు మూడు ఉన్నవి. గోరు పెట్టి చూచితిని, తట్టుకొనినది. మా అక్కయ్య ప్రక్కన నిలిచి, “వాటి జోలికి పోకురా తమ్ముడూ, అవి ఉండనీ” అనినది. పనితనపు న్యాయము ప్రకారము చూచినను ఆమె మాటయే సరియైనది. ఆ చోట టేపు అంటించి, చుట్టును మెరుగు పెట్టి విడిచితిని.

యంత్రము కావలసినవారు నన్ను అడిగిన ఎరవిచ్చెదను. మొదటి చదరము మాత్రము మీతో కూర్చుండి నేనే చేయించెదను.