గీయని అంచుల చిత్రకారుడు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1880లో పుట్టిన కోల్స్ ఫిలిప్స్ కెన్యన్ కాలేజీ చదువు మధ్యలోనే వదిలేసి న్యూయార్క్ చేరారు. 1908లో ‘లైఫ్’ పత్రికకు వేసిన ముఖచిత్రంతో ఆయన పేరు మార్మోగింది.

ఏముంది ఆ బొమ్మలో? అమ్మాయి గౌనుకీ, వెనకున్న నేపథ్యానికీ ఒకటే రంగు. గౌను చుట్టూ అంచు గీత ఉండదు. ముఖం, చేతులు, బట్ట మీది చుక్కలో చారలో కనిపిస్తాయంతే. మిగతా ఆకారాన్ని చూసేవాళ్ల కన్నే పూరించుకుంటుంది. తక్కువ రంగులతో అచ్చయ్యేది కాబట్టి పత్రికకు ఖర్చూ కలిసొచ్చేది. గీత ఎక్కడ ఆపాలో ఇంత కచ్చితంగా తెలిసిన చెయ్యి అరుదు.

ఈ బొమ్మలకు ‘ఫేడ్‌అవే గర్ల్’ అనే పేరు స్థిరపడింది. ‘గుడ్ హౌస్‌కీపింగ్’ కూడా ఆయనచేత ముఖచిత్రాలు వేయించుకుంది. మిల్వాకీ నగరంలోని హోల్‌ప్రూఫ్ కంపెనీ మేజోళ్ల ప్రకటనలకూ ఆయనే బొమ్మలు వేశారు.

1927లో, 46 ఏళ్లకే కన్నుమూశారు.